మాదకద్రవ్య వినియోగదారులకు ఆరోగ్య, న్యాయ సహాయం

మాదకద్రవ్య వినియోగదారులకు ఆరోగ్య, న్యాయ సహాయం అనగా గంజాయి, నల్లమందు, హెరాయిన్, మత్తు మాత్రలు మొదలైన వాటికి అలవాటుపడిన వారికి వైద్యం, సలహా, చట్టపరమైన రక్షణ అందించే ఏర్పాట్ల సముదాయము. భారతదేశంలో ఈ ఏర్పాట్లు ఒకే శాఖ కింద లేవు. వైద్యం ఆరోగ్య శాఖ, పునరావాసం సాంఘిక న్యాయ శాఖ, ఎయిడ్స్ నివారణ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, ఉచిత న్యాయ సేవ న్యాయ సేవాధికార సంస్థలు చూస్తున్నాయి. మాదకద్రవ్యాల వాడకం చట్టరీత్యా నేరము. అయితే అదే చట్టం వ్యసనపరుని రోగిగా కూడా గుర్తించి, చికిత్సకు వచ్చిన వానికి కొంత రక్షణ కల్పించింది. ఈ రెండవ విషయం ప్రజలలో చాలా తక్కువ మందికి తెలుసు.

== పదజాలము ==
వాడుకలో మత్తు పదార్థాలు, మాదకద్రవ్యాలు అనే మాటలను ఒకే అర్థంలో వాడుతుంటారు. చట్టంలో మాత్రం మాదకద్రవ్యాలు, మనోప్రభావక పదార్థాలు అని రెండు విభాగాలు ఉన్నాయి. గంజాయి, చరస్, నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్, కొకెయిన్ మొదటి విభాగానికి చెందినవి. డయాజెపామ్, ఆల్ప్రజోలామ్, బుప్రెనార్ఫిన్ వంటి మందులు రెండవ విభాగానికి చెందినవి. నొప్పి మాత్రగా వాడే ట్రమడాల్‌ను 2018లో ఈ జాబితాలో చేర్చారు. మద్యం, కల్లు, నాటు సారా ఈ చట్టం పరిధిలోకి రావు. అవి రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల కిందకు వస్తాయి.

ఒక పదార్థాన్ని అప్పుడప్పుడు వాడటం వేరు, దానికి బానిస కావడం వేరు. మానాలనుకున్నా మానలేకపోవడం, మోతాదు పెంచుకుంటూ పోవడం, మానితే శరీరం తట్టుకోలేకపోవడం వ్యసనానికి ముఖ్య లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని వ్యాధుల వర్గీకరణలో చేర్చింది.

== చరిత్ర ==
బ్రిటిషు పాలనలో నల్లమందు, గంజాయి ప్రభుత్వానికి ఆదాయ వనరులు. 1857, 1878 నల్లమందు చట్టాలు, 1930 ప్రమాదకర మాదకద్రవ్యాల చట్టం సాగును, అమ్మకాన్ని నియంత్రించాయి. గంజాయి వాడకంపై 1893-94లో నియమించిన విచారణ సంఘం మితమైన వాడకం వల్ల పెద్ద హాని లేదని, పూర్తి నిషేధం అవసరం లేదని అభిప్రాయపడింది. 1961 అంతర్జాతీయ ఒప్పందంలో భారతదేశం చేరింది. ఆ ఒప్పందం గంజాయి వాడకాన్ని మాన్పించడానికి 25 సంవత్సరాల గడువు ఇచ్చింది. గడువు దగ్గర పడుతుండగా 1985లో పార్లమెంటు మాదకద్రవ్యాలు, మనోప్రభావక పదార్థాల చట్టాన్ని చేసింది. ఇది ఆ సంవత్సరం నవంబరు 14 నుండి అమలులోకి వచ్చింది. దీనినే ఎన్.డి.పి.ఎస్. చట్టం అంటారు. 1989, 2001, 2014, 2021 సంవత్సరాలలో దీనిని సవరించారు.

సాంఘిక న్యాయ శాఖ 1985-86 నుండి స్వచ్ఛంద సంస్థల ద్వారా వ్యసన విముక్తి కేంద్రాలకు సహాయం చేయసాగింది. ఆరోగ్య శాఖ 1988లో ప్రభుత్వ ఆసుపత్రులలో వ్యసన విముక్తి కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1990 ప్రాంతంలో మణిపూర్‌లో సూదుల ద్వారా హెరాయిన్ ఎక్కించుకునే వారిలో ఎయిడ్స్ వ్యాపించడంతో చికిత్స గురించిన ఆలోచనే మారింది. అలవాటు వెంటనే మానలేని వారిని కూడా బ్రతికించుకోవాలనే వాదం బలపడింది. ఢిల్లీలో శరణ్ అనే సంస్థ 1993లో బుప్రెనార్ఫిన్ మాత్రలతో ప్రత్యామ్నాయ చికిత్స మొదలుపెట్టింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడవ దశలో (2007-2012) ఈ చికిత్స ప్రభుత్వ విధానంలో భాగమైనది.

తెలుగు నేలపై మత్తుకు వ్యతిరేకంగా ప్రజలు కదిలిన ఘట్టాలలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల నుండి పుట్టి, 1992లో రాష్ట్రమంతా వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమం ప్రధానమైనది. దాని ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలయ్యాయి. సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు. ఈ ఉద్యమం ప్రధానంగా అమ్మకాన్ని ఆపడంపై దృష్టి పెట్టింది. అలవాటుపడిన వారికి వైద్యం అనే అంశం తరువాతి కాలంలోనే ముందుకు వచ్చింది.

== ఆరోగ్య సహాయము ==
2019 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10 నుండి 75 సంవత్సరాల వయసు వారిలో సుమారు 16 కోట్ల మంది మద్యం, 3.1 కోట్ల మంది గంజాయి సంబంధ పదార్థాలు, 2.26 కోట్ల మంది నల్లమందు జాతి పదార్థాలు వాడుతున్నారు. సూదుల ద్వారా వాడేవారు సుమారు 8.5 లక్షలు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒకరికి, ఇతర నిషిద్ధ పదార్థాలకు బానిసలైన ప్రతి 20 మందిలో ఒకరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందినట్లు అదే సర్వే తెలిపింది.

=== మానినపుడు కలిగే బాధలు ===
చాలాకాలం వాడిన పదార్థాన్ని ఒక్కసారిగా ఆపినపుడు శరీరంలో కలిగే మార్పులను వైద్యులు విత్‌డ్రాయల్ లక్షణాలు అంటారు. ఇవి పదార్థాన్ని బట్టి మారుతాయి.

* మద్యం: ఆపిన కొద్ది గంటల నుండి చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చు. రెండవ రోజు నుండి నాలుగవ రోజు మధ్య కొందరిలో మతిభ్రమ, లేనివి కనబడటం, తీవ్ర జ్వరం కలుగుతాయి. వైద్యం అందకపోతే ఇది ప్రాణాంతకము.
* డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి నిద్రమాత్రలు: లక్షణాలు మద్యాన్ని పోలి ఉంటాయి. వీటిని ఒక్కసారిగా ఆపరాదు. వైద్యుని పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గిస్తారు.
* హెరాయిన్, నల్లమందు: ఒళ్ళునొప్పులు, ముక్కు కారడం, వాంతులు, విరేచనాలు కలుగుతాయి. హెరాయిన్ విషయంలో రెండు మూడు రోజులకు తీవ్రమై, సుమారు వారానికి తగ్గుతాయి. ప్రాణాపాయం అరుదు, కాని బాధ ఎక్కువ కావడం వల్ల చాలామంది తిరిగి వాడకం మొదలుపెడతారు.
* గంజాయి: చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం కలుగుతాయి. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. సలహా, కుటుంబ సహకారం ముఖ్యము.

మద్యానికి, నిద్రమాత్రలకు బానిస అయిన వానిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే ప్రయత్నం ప్రమాదకరమని దీనిని బట్టి తెలుస్తుంది.

=== చికిత్స ===
చికిత్స రెండు దశలుగా సాగుతుంది. మొదటి దశలో విత్‌డ్రాయల్ బాధలను మందులతో అదుపు చేస్తారు. మద్యం విషయంలో డయాజెపామ్, లోరాజెపామ్ వంటి మందులతో పాటు థయామిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. రెండవ దశ నెలల తరబడి సాగుతుంది. తిరిగి అలవాటులో పడకుండా మందులు, సలహా, పనికి తిరిగి వెళ్ళడానికి సహాయం ఇందులో భాగాలు. వ్యసనం మధుమేహం వలె దీర్ఘకాలిక వ్యాధి. ఒకసారి తిరిగి వాడినంత మాత్రాన చికిత్స విఫలమైనదని భావించరు.

నల్లమందు జాతి పదార్థాలకు బానిసలైన వారికి ప్రత్యామ్నాయ చికిత్స ఇస్తారు. ఇందులో బుప్రెనార్ఫిన్ మాత్రను ప్రతిదినం ఆరోగ్య సిబ్బంది ఎదుట నాలుక కింద ఉంచుతారు. కొన్ని కేంద్రాలలో మెథడోన్ ద్రావకం ఇస్తారు. దీనివల్ల సూది వాడకం, దానికోసం చేసే దొంగతనాలు తగ్గి మనిషి పనికి పోగలుగుతాడు.

=== హాని తగ్గింపు ===
ఒకే సూదిని పలువురు వాడటం వల్ల హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి వ్యాపిస్తాయి. 2017లో దేశంలోని వయోజనులలో హెచ్.ఐ.వి. 0.22 శాతం కాగా, సూదులతో మాదకద్రవ్యాలు వాడేవారిలో 6.26 శాతంగా లెక్కించారు. అందువలన ఎయిడ్స్ నియంత్రణ సంస్థల ఆధ్వర్యంలో కొత్త సూదులు, సిరంజిలు ఉచితంగా ఇచ్చి వాడినవి వెనుకకు తీసుకుంటారు. ఇదే అలవాటు నుండి బయటపడినవారిని సాటి కార్యకర్తలుగా నియమించడం ఈ కార్యక్రమ ప్రత్యేకత. హెపటైటిస్ సి పరీక్ష, చికిత్స 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద ఉచితము.

=== మోతాదు మించినపుడు ===
హెరాయిన్ వంటివి మోతాదు మించితే శ్వాస నెమ్మదించి, పెదవులు, గోళ్ళు నీలంగా మారి, మనిషి పిలిచినా పలకడు. నలాక్సోన్ అనే మందు దీనికి విరుగుడు. అది అందేలోగా మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టడం, శ్వాస ఆగితే కృత్రిమ శ్వాస అందించడం, 108 వాహనాన్ని పిలవడం చేయవలసిన పనులు. కొన్ని వారాలు మానిన తరువాత శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. అందుచేత జైలు నుండి గాని, వ్యసన విముక్తి కేంద్రం నుండి గాని బయటకు వచ్చిన తొలి రోజులు అత్యంత ప్రమాదకరమైనవి.

== కల్తీ కల్లు ఉదంతము ==
సరఫరా ఆగినపుడు వైద్యం సిద్ధంగా లేకపోతే ఏమి జరుగుతుందో తెలిపే ఉదాహరణ తెలంగాణలో 2015 సెప్టెంబరులో జరిగింది. తాటి, ఈత చెట్ల నుండి తీసే కల్లు గిరాకీకి సరిపడా దొరకని చోట్ల క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ నీటిలో కలిపి కల్లు పేరుతో అమ్మడం పాత సమస్య. కూలీలు, స్త్రీలు కూడా ఏళ్ళ తరబడి దీనిని తాగి, తమకు తెలియకుండానే నిద్రమాత్రలకు బానిసలయ్యారు. ఆ సంవత్సరం అధికారులు కల్తీపై గట్టి దాడులు చేయడంతో నిజామాబాదు, మెదక్, మహబూబ్ నగర్ జిల్లాలలో సరఫరా ఒక్కసారిగా నిలిచిపోయింది. వెంటనే పెద్ద సంఖ్యలో జనం వణుకు, మూర్ఛలు, వింత ప్రవర్తనతో ఆసుపత్రులలో చేరారు. మరణాలు కూడా సంభవించాయి. కల్లులో నిజంగా ఏమి ఉన్నదో తాగినవారికి తెలియకపోవడం వలన వారి కుటుంబాలు దీనిని విత్‌డ్రాయల్‌గా గుర్తించలేకపోయాయి.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వల్ల మద్యం, కల్లు దుకాణాలు మూతపడినపుడు హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు ఇటువంటి రోగులు బారులు తీరారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగిన పలువురు మరణించారు. కల్తీ చేసినవారిపై చర్య తీసుకోవడం ఎంత అవసరమో, అదే సమయంలో తాగినవారికి వైద్యం సిద్ధం చేయడం కూడా అంతే అవసరమని ఈ సంఘటనలు తెలుపుతున్నాయి.

== న్యాయ సహాయము ==

=== పరిమాణాలు, శిక్షలు ===
2001 సవరణతో శిక్ష పట్టుబడిన పరిమాణాన్ని బట్టి మారుతుంది. స్వల్ప పరిమాణానికి ఒక సంవత్సరం వరకు కఠిన కారాగారం లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. స్వల్ప, వాణిజ్య పరిమాణాల మధ్య ఉన్నదానికి 10 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వాణిజ్య పరిమాణానికి 10 నుండి 20 సంవత్సరాల జైలు, లక్ష నుండి రెండు లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి.

* గంజాయి: స్వల్ప పరిమాణం 1 కిలో, వాణిజ్య పరిమాణం 20 కిలోలు
* చరస్: 100 గ్రాములు, 1 కిలో
* నల్లమందు: 25 గ్రాములు, 2.5 కిలోలు
* హెరాయిన్: 5 గ్రాములు, 250 గ్రాములు
* కొకెయిన్: 2 గ్రాములు, 100 గ్రాములు

స్వల్ప పరిమాణం అంటే అనుమతించిన పరిమాణం అని అర్థం కాదు, శిక్ష తక్కువ అని మాత్రమే అర్థం. వాడకానికి 27వ సెక్షన్ కింద విడిగా శిక్ష ఉన్నది. హెరాయిన్, మార్ఫిన్, కొకెయిన్ వంటి వాటికి ఒక సంవత్సరం వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, మిగిలిన వాటికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

=== చికిత్సకు వచ్చినవారికి రక్షణ ===
ఈ చట్టంలోని 64ఎ సెక్షన్ వ్యసనపరులకు ముఖ్యమైనది. వాడకం నేరం గాని, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరం గాని మోపబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స కోరి, దానిని పొందితే ఆ నేరానికి అతనిని విచారించరాదు. చికిత్సను పూర్తి చేయకుండా మధ్యలో మానివేస్తే ఈ రక్షణను ఉపసంహరించవచ్చు. గుర్తింపు లేని ప్రైవేటు కేంద్రంలో చేరినవారికి ఇది వర్తించదు. అమ్మకందారులకు, పెద్ద పరిమాణంతో పట్టుబడినవారికి కూడా వర్తించదు.

శిక్ష పడిన వానికి కూడా 39వ సెక్షన్ కింద ఒక మార్గం ఉన్నది. వాడకం లేదా స్వల్ప పరిమాణం నేరంలో దోషిగా తేలిన వ్యసనపరుని, అతని అంగీకారంతో, జైలుకు పంపడానికి బదులు బాండు తీసుకొని చికిత్సకు పంపే అధికారం కోర్టుకు కలదు. చికిత్సా కేంద్రాలు నెలకొల్పే అధికారాన్ని 71వ సెక్షన్ ప్రభుత్వాలకు ఇచ్చింది.

=== సోదా, అరెస్టు ===
అనుమానితుని శరీరాన్ని సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా చేయమని కోరే హక్కు అతనికి ఉన్నదని అధికారి తెలియజేయాలి. ఇది 50వ సెక్షన్‌లోని నియమము. ఈ విధంగా తెలపడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 1999లో బల్దేవ్ సింగ్ కేసులో, 2010లో విజయసింహ్ జడేజా కేసులో తీర్పు చెప్పింది. ఈ చట్టం కింద దర్యాప్తు చేసే అధికారుల ఎదుట ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 2020 అక్టోబరు 29న తూఫాన్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది. అరెస్టు చేసిన వానిని 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచడం, న్యాయవాదిని సంప్రదించనివ్వడం రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కులు. బెయిలుపై 37వ సెక్షన్ విధించిన కఠిన ఆంక్షలు వాణిజ్య పరిమాణం వంటి తీవ్ర నేరాలకు వర్తిస్తాయి, స్వల్ప పరిమాణానికి వర్తించవు.

=== వ్యసన విముక్తి కేంద్రాలలో హక్కులు ===
2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చింది. దీని ప్రకారం ఇటువంటి రోగులను చేర్చుకొని చికిత్స చేసే సంస్థలు నమోదు కావాలి. రోగిని గొలుసులతో కట్టివేయరాదు, హింసించరాదు. అతని వివరాలను చట్టం చెప్పిన సందర్భాలలో తప్ప ఇతరులకు వెల్లడించరాదు. రోగికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు కూడా ఉన్నది. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం, 2017 హెచ్.ఐ.వి. వ్యాప్తిని తగ్గించడానికి శుభ్రమైన సూదులు ఇవ్వడం, ప్రత్యామ్నాయ చికిత్స వంటి పనులను నేరంగా పరిగణించరాదని చెబుతుంది.

=== పిల్లలు ===
బాలలకు మత్తు పదార్థాలు ఇచ్చినవారికి బాల న్యాయ చట్టం, 2015 ప్రకారం ఏడు సంవత్సరాల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వారిచేత వాటిని అమ్మించినవారికి, మోయించినవారికి కూడా ఇదే విధమైన శిక్ష ఉన్నది.

=== ఉచిత న్యాయ సేవ ===
రాజ్యాంగం 39ఎ అధికరణం ఆధారంగా చేసిన 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుండి అమలులో ఉన్నది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. అనగా మాదకద్రవ్యాల కేసులో అరెస్టైన ఎవరికైనా ఈ అర్హత ఉన్నది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2015లో మాదకద్రవ్యాల బాధితుల కోసం ప్రత్యేక పథకాన్ని రూపొందించింది. ఈ సంస్థ ఫోను నంబరు 15100.

== పశ్చిమ కర్నూలు ప్రాంతంలో ==
కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని పట్టణాలు కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో ఉన్నాయి. ఇది తరచు కరువుకు గురయ్యే మెట్ట ప్రాంతము. ఎమ్మిగనూరు చేనేతకు, ఆదోని పత్తి వ్యాపారానికి ప్రసిద్ధి చెందినవి. పంటలు లేని కాలంలో ఈ పల్లెల నుండి వేలాది కుటుంబాలు మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు, కూలి పనులకు బెంగుళూరు, హైదరాబాదులకు వలస పోతాయి. వలస వ్యసన చికిత్సకు పెద్ద అడ్డంకి. చికిత్సకు నెలల తరబడి ఒకే వైద్యుని వద్దకు పోవలసి ఉండగా, వలస కూలీ ఒకచోట ఉండలేడు.

జిల్లాకు ప్రధాన వైద్య కేంద్రం కర్నూలు వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన వైద్యశాల. ఇందులో మానసిక వైద్య విభాగం కలదు. కోడుమూరు నుండి ఇది సుమారు 40 కిలోమీటర్ల దూరం కాగా, ఆదోని నుండి సుమారు 100 కిలోమీటర్లు. రోజుకూలీకి ఆదోని నుండి ఒకసారి వచ్చిపోవడమంటే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు పోవడమే. ఇటువంటి దూరాన్ని తగ్గించే పద్ధతిని పొరుగునే ఉన్న బళ్ళారి జిల్లాలో 1980వ దశకంలో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ పరీక్షించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి మానసిక వ్యాధులకు అక్కడే మందులు ఇప్పించడం ఈ పద్ధతి. బళ్ళారి నమూనాగా పేరొందిన ఇదే 1996లో ప్రారంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆధారమైనది. తొలి విడతలో ఎంపికైన నాలుగు జిల్లాలలో మెదక్ ఒకటి.

న్యాయ సహాయానికి జిల్లా కేంద్రం దాకా పోనవసరం లేదు. కర్నూలులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో పాటు, కోర్టులు ఉన్న పట్టణాలలో మండల న్యాయ సేవాధికార కమిటీలు పనిచేస్తాయి. తెల్లకాగితంపై దరఖాస్తు ఇస్తే చాలును. వ్రాయలేనివారు నోటితో చెప్పినా అక్కడివారు నమోదు చేసుకుంటారు.

వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416 దేశమంతటా ఉచిత ఫోను నంబర్లు. ఆంధ్ర ప్రదేశ్‌లో మాదకద్రవ్యాల రవాణా, అమ్మకాలపై సమాచారం ఇవ్వడానికి 2024 నవంబరులో ఏర్పడిన ఈగల్ విభాగం నంబరు 1972. మొదటి రెండు రోగికి సహాయం కోసం, మూడవది నేరంపై ఫిర్యాదు కోసం ఉద్దేశించినవి.

== ఇతర దేశాలలో ==
నెదర్లాండ్స్‌లో వినియోగదారులే సంఘంగా ఏర్పడి 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సూదుల మార్పిడి కార్యక్రమాన్ని నడిపించారు. పోర్చుగల్ 2001లో సొంత వాడకానికి ఉంచుకున్న పది రోజులకు మించని పరిమాణాన్ని క్రిమినల్ నేరాల జాబితా నుండి తొలగించింది. అక్కడ పట్టుబడినవారు కోర్టుకు బదులు న్యాయ, వైద్య, సామాజిక రంగాల వారు ఉండే సంఘం ముందుకు వెళతారు. అమ్మకం మాత్రం ఆ దేశంలో నేరంగానే కొనసాగుతున్నది.

== సమస్యలు, విమర్శలు ==
64ఎ సెక్షన్ గురించి నిందితులకు తెలియకపోవడం ప్రధాన సమస్య. రక్షణ కోరవలసింది నిందితుడే కాబట్టి, తెలియని వానికి అది లేనట్లే. గుర్తింపు పొందిన చికిత్సా కేంద్రం దగ్గరలో లేకపోతే తెలిసినా ఉపయోగం తక్కువ. వాడకాన్ని నేరంగా ఉంచినంత కాలం రోగులు ఆసుపత్రికి రావడానికి భయపడతారని హాని తగ్గింపును సమర్థించేవారు వాదిస్తారు. శిక్ష భయం తొలగితే యువకులలో వాడకం పెరుగుతుందని, సూదులు ఇవ్వడం అలవాటును ప్రోత్సహించడమేనని వ్యతిరేకులు వాదిస్తారు. సూదుల పంపిణీ వల్ల హెచ్.ఐ.వి. వ్యాప్తి తగ్గుతుందని, వాడకం పెరగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సమీక్షలో తేల్చింది.

స్త్రీల పరిస్థితి మరింత కష్టమైనది. వ్యసన విముక్తి కేంద్రాలలో అధికభాగం పురుషులకు మాత్రమే ఉద్దేశించినవి. తాగే భర్త వల్ల బాధపడే భార్యగా స్త్రీని అందరూ గుర్తిస్తారు గాని, కల్తీ కల్లుకు గాని, మాత్రలకు గాని ఆమే బానిస అయినపుడు కుటుంబం బయటకు చెప్పుకోదు. 2015లో తెలంగాణ ఆసుపత్రులలో చేరినవారిలో స్త్రీలు కూడా ఉండటం, అప్పటివరకు లెక్కలోకి రాని ఈ సమస్యను బయటపెట్టింది.